ఏలియా బిగించిన సైలెన్సర్

ఏలియాకు కోపం ముక్కు మీదే ఉండేది. వరంగల్ స్టేషన్ రోడ్డులో ఆయన రేకుల షెడ్డు ముందు బండి ఆపి, "ఏలియన్నా, ఇంజన్ల ఏదో సప్పుడొస్తాంది" అన్నవాడికి మొదట దొరికేవి తిట్లే. "సప్పుడు రాకపోతె అది ఇంజనెట్లయితది? పో, ఆడ నిలవెట్టు" అనేవాడు. తిట్టినా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు, ఎందుకంటే యుద్ధంలో మిలిటరీ బండ్లు బాగుచేసిన చేతులవి. బర్మా సరిహద్దు దాకా వెళ్లి, ఒక పనిముట్ల పెట్టె, బోలెడంత పొగరు వెంటబెట్టుకుని తిరిగొచ్చిన మనిషి. ఆదివారం చర్చిలో అందరితో కలిసి ఒప్పుకునే పాపాలు తప్ప, విడిగా తనదంటూ ఒక్క తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. "ఈయన కూర మాడవెట్టినా పొయ్యిదే తప్పంటడు" అని భార్య రత్నమ్మ వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వేది.

అలాంటి మనిషి దగ్గరికి 1959లో, వానలు వెనకపట్టాక, మిషన్ దవాఖాన కాంపౌండర్ సుందర్ రావు తన మోటారు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన బండి అది. సైలెన్సర్ తుప్పుపట్టి, అడుగు ఊడి, రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది. అసలు సామాను తెప్పించాలంటే మూడు నెలలు. సుందర్ రావుకు మూడు వారాలు కూడా ఆగే వీల్లేదు. మిషన్ వాళ్లు అతనికి అప్పజెప్పిన పని అలాంటిది.

ప్రతి గురువారం అతను పరకాల దాటి లోపలి ఊళ్లకు పెద్దరోగానికి, అంటే కుష్ఠుకు, మాత్రలు పట్టుకెళ్లేవాడు. మాత్రలు వారం వారం పడాల్సిందే, మధ్యలో ఆపితే రోగం మళ్లీ తల ఎత్తుతుంది. అయితే ఊళ్లోకి వెళ్లి పేరు పెట్టి పిలిచి ఇచ్చే మందు కాదు గదా! ఫలానా ఇంట్లో పెద్దరోగం ఉందని తెలిస్తే ఆ ఇంటి పిల్లకు సంబంధం రాదు, బావి దగ్గర చేద ముట్టనివ్వరు. అందుకని సుందర్ రావు ఊరికి అరమైలు ఇవతల, కల్వర్టు దగ్గర బండి ఆపేవాడు. చేలల్లో పనిచేసుకునేవాళ్లు ఆ బండి చప్పుడు విని, గడ్డి కోసం పోతున్నట్టో, మేక తప్పిపోయినట్టో కొడవలి చేతబట్టుకుని ఒక్కొక్కరే వచ్చేవారు. ఎవరి దగ్గరా గడియారం లేదు. బండి చప్పుడే వాళ్లకు గంట. అలా వచ్చేవాళ్లు ఇరవైముగ్గురు. ఊరి పేరు ఎందుకులెండి, ఇప్పటికీ వాళ్ల పిల్లలు అక్కడున్నారు.

ఏలియా తన పాత సామాన్లలో వెతికి, ఏదో పందెం బండిది, పొట్టి సైలెన్సర్ ఒకటి తీసి, గొట్టం కోసి అతికి బిగించాడు. బండి ఒక్క తన్నుకు స్టార్టయింది. ఎక్సిలేటర్ తిప్పితే ఎగిరి దూకినట్టు పోయింది. సుందర్ రావు మొహం వెలిగిపోయింది. కానీ ఎక్సిలేటర్ వదిలేసరికి వెనక నుంచి ఫట్! ఫట్! అని పేలింది.

"అన్నా, గిదేంది?"

"ఏం లేదు తమ్మీ. ఇన్నేండ్లు ముక్కు మూసుకొని బతికింది, ఇప్పుడు ఊపిరి తీస్తాంది. జర తుమ్ముతది. ఫికర్ చెయ్యకు."

అది తుమ్ము కాదని ఏలియాకు తెలుసు. పొగ పోయే దారి వెడల్పయితే ఇంజన్ ఎక్కువ గాలి లాగుతుంది. పది మంది భోజనానికి వచ్చి కూర్చుంటే నలుగురికే వండినట్టు, పెట్రోలు మాత్రం పాత లెక్కనే పడుతుంది. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, లోపల మండాల్సింది గొట్టంలోకి పోయి మండుతుంది. సైలెన్సర్ మారిస్తే కార్బురేటర్ కూడా సరిచెయ్యాలి. ఏ మెకానిక్కయినా తెలిసిన సంగతే. కానీ అది ఒక పూట పని. ఒక స్క్రూను అటూ ఇటూ తిప్పి, బండిని పరుగెత్తించి, ప్లగ్గు విప్పి చూసి, మళ్లీ తిప్పాలి. ఆ రోజు ఏలియాకు ఓపిక లేదు. బండి పరుగు చూసి తనను తాను మెచ్చుకుని ఊరుకున్నాడు.

మొదటి గురువారం కల్వర్టు దగ్గరికి పదకొండు మందే వచ్చారు. వరికోతలు కదా అనుకున్నాడు సుందర్ రావు. రెండో గురువారం నలుగురు. మూడో గురువారం రాయమల్లు అనే ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మిగతా ఊళ్లలో అందరూ మామూలుగానే వస్తున్నారు. దవాఖాన డాక్టరమ్మ పుస్తకం చూసి, "వాళ్లకి అక్కర్లేకపోతే మనం ఏం చేస్తాం? ఈ గురువారం కూడా రాకపోతే అక్కడ ఆగడం మానెయ్యి. ఆ మాత్రలు కావాల్సినవాళ్లు ఏటూరునాగారం వైపు చాలామంది ఉన్నారు" అంది.

బుధవారం సాయంత్రం ప్లగ్గు తుడిపించుకోవడానికి వచ్చి సుందర్ రావు ఈ గోడంతా చెప్పాడు. ఏలియా ప్లగ్గు విప్పి వెలుగులో పెట్టి చూశాడు. ఇటుక రంగులో ఉండాల్సిన మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఇంజన్ ఎండిపోయి కాలుతోందని దానర్థం. ఇంకో నెల ఇలాగే తిప్పితే పిస్టన్ మాడిపోతుంది. ఏలియాకు కొంచెం సిగ్గేసింది, సిగ్గేసినప్పుడల్లా వచ్చే కోపం కూడా వచ్చింది.

"ఎట్ల నడుపుతానవ్ దీన్ని? రేపు నేనొస్త నీ ఎనుక. నీ నడుపుడు సూస్త" అని గద్దించాడు. పనిముట్ల పెట్టె గోనెసంచిలో చుట్టుకుని మర్నాడు పొద్దున్నే వెనక సీటెక్కాడు.

పరకాల దాటేదాకా రోడ్డు చదును. బండి హాయిగా పోయింది. ఆ తర్వాత ఒక గుట్ట ఎక్కి దిగాలి. దిగువన కల్వర్టు, అటూ ఇటూ జొన్న చేలు, పత్తి చేలు. దిగుడులో సుందర్ రావు ఎక్సిలేటర్ వదిలేశాడు. బండి పేలడం మొదలుపెట్టింది. ఫట్, ఫట్, ఢాం! గుట్టకు తగిలి మోత రెండింతలై తిరిగొచ్చింది.

వెనక కూర్చున్న ఏలియా పత్తి చేను వైపే చూస్తున్నాడు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు పత్తి తీస్తున్నారు. మొదటి మోతకు తలలన్నీ ఇటు తిరిగాయి. రెండో మోతకు ఒక్క తలా లేదు. చేను ఖాళీ. ఎవరో తప్పుకున్నట్టు కాదు, సాళ్ల మధ్య బోర్లా పడుకున్నారు. ఎన్నోసార్లు చేసి అలవాటైన పనిలా చేశారు.

కల్వర్టు మీద రాయమల్లు ఉన్నాడు. పాదాలకు గుడ్డలు చుట్టుకుని, రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని కూర్చున్నాడు. బండి ఆగాక చేతులు దించాడు.

"పెద్దయ్యా, మిగిలినోళ్లేరి?" అన్నాడు ఏలియా.

"ఎట్లస్తరు దొరా? తుపాకుల మోత ఇని ఎవలన్న ఎదురొస్తరా? నాకు ఉరుకొస్తె నేను గూడ ఉరుకుదును."

పదేళ్ల కిందట, సాయుధ పోరాటం రోజుల్లో, ఆ ఊరి మీదికి తుపాకులు పట్టుకుని ఎవరెవరు వచ్చారో, ఎవరి వైపువాళ్లు ఎవరిని కాల్చారో ఒక్కో ఇంట్లో ఒక్కో కథ. ఆ రోజుల్లో సుందర్ రావు మద్రాసులో చదువుకుంటున్నాడు, ఏలియా సికింద్రాబాదులో వర్క్‌షాపులో ఉన్నాడు. పైగా ఏలియా నిజమైన ఫిరంగుల మోత విన్నవాడు. సైలెన్సర్ పేలితే అది తుపాకీలా వినబడుతుందని ఆయనకు తట్టనే లేదు. ఈ గుట్ట దిగుడే లేకపోతే, ఈ ఊరే కాకపోతే, ఎన్నటికీ తట్టేది కాదు.

తల కొట్టేసినట్టయింది ఏలియాకు. సంచి విప్పి, అక్కడే మోకాళ్ల మీద కూర్చుని కార్బురేటర్ మీద చెయ్యేశాడు. గాలి స్క్రూ ఒక చుట్టు లోపలికి బిగించి, బండి స్టార్ట్ చేసి, ఎక్సిలేటర్ తిప్పి వదిలాడు. ఢాం!

రాయమల్లు లేచి, గుడ్డలు చుట్టిన కాళ్లతోనే వచ్చి రెండు చేతులూ జోడించాడు. "నీ బాంచెన్, ఆపు దొరా. ఆ చేన్లున్నోళ్లకు గుండె పగుల్తది."

నిజమే. బాగుచెయ్యాలంటే పేల్చి చూడాలి, పేలిస్తే వాళ్లు ఇంకా దూరం పోతారు. ఏలియా ఇంజన్ ఆపేశాడు.

"పట్టు తమ్మీ. నూకుదాం."

"యాడికన్నా?"

"గుట్ట అవతలికి. ఈడికి ఇనవడనంత దూరం."

తన చేతిలో పడ్డ బండిని తోసుకుంటూ పోవడమంటే ఏలియాకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది. ఆ మధ్యాహ్నం ఎర్రటి ఎండలో, యాభై దాటిన మనిషి, రెండు బస్తాల బరువున్న బండిని గుట్ట మీదికి తోశాడు. సుందర్ రావు వెనక నుంచి నెట్టాడు. అవతలి వైపు మైలున్నర పోయాక గానీ ఆగలేదు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. "ఇంకా దూరం పోదామా?" అని సుందర్ రావునే అడిగాడు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి అలా అడిగేసరికి సుందర్ రావుకు జాలేసింది.

ఆ మర్రి లేని, మడుగు లేని బీడు నేలలో కూర్చుని ఏలియా సైలెన్సర్ బిగించిన రోజు చెయ్యని పని అప్పుడు చేశాడు. లోపల పెట్రోలును కొలిచి వదిలే సూదిని ఒక మెట్టు పైకి లేపాడు. పెట్రోలు వచ్చే జెట్టు విప్పి, దాని సన్నటి రంధ్రాన్ని తీగతో వెంట్రుకవాసి వెడల్పు చేశాడు. ఎక్కువ గీస్తే మళ్లీ చిన్నది చెయ్యలేడు, ఇంకో జెట్టు లేదు. గీయడం, ఊదడం, బిగించడం, అరమైలు నడిపి రావడం, ప్లగ్గు విప్పి చూడడం. తెల్లటి మొన పసుపుపచ్చగా మారింది, తర్వాత గోధుమరంగు పట్టింది. నాలుగోసారి ఇటుక రంగు వచ్చింది. చివర్న గాలి స్క్రూను పావు చుట్టు, మరో పావు చుట్టు తిప్పుతూ చెవి పెట్టి విన్నాడు. ఎక్సిలేటర్ ఎంత ఒడుపుగా వదిలినా, ఎంత మొరటుగా వదిలినా, ఒక్కసారి కూడా పేలలేదు. మామూలు రోజైతే "సూసినవా?" అని మీసం దువ్వేవాడు. ఆ రోజు చేతులు తుడుచుకుని ఊరుకున్నాడు.

ఎండ వాలుతుండగా గుట్ట దిగారు. బండి డుబడుబమంటూ, పెద్దమనిషిలా దిగింది. కల్వర్టు మీద రాయమల్లు చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

అరగంట దాకా ఎవరూ రాలేదు. తర్వాత ఒక మనిషి కొడవలితో వచ్చాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. పొద్దు గుంకేలోపు పందొమ్మిది మంది మాత్రలు తీసుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే అలవాటు వాళ్లకు లేదు.

ఒకామె మాత్రం చేను గట్టు మీదే నిలబడింది. పేరు కట్టమ్మ, ముప్పై అయిదేళ్లుంటాయి. మాత్రలు మొదలుపెట్టాక చెంప మీద మచ్చలు మానుతున్న మనిషి. ఈ నెల్లాళ్లలో అవి మళ్లీ ఎర్రగా ఉబ్బాయి. సుందర్ రావు పిలిస్తే రాలేదు. ఏలియాయే గట్టు దగ్గరికి నడిచాడు.

"గీ నెల దినాలు ఎవల్ని కాల్చిండ్రయ్యా?" అంది కట్టమ్మ.

"ఎవల్నీ కాల్చలేదక్కా. తుపాకులు లేవు, ఏం లేవు. గది బండి సప్పుడు."

"గప్పుడు గూడ గిట్లనే అన్నరు. ఎవల్నీ కాల్చలేదు, ఉట్టిగ బెదిరిచ్చినమన్నరు. మా ఇంటాయిన మల్ల ఇంటికి రాలె."

ఏలియా తల దించుకున్నాడు. "తప్పు నాదక్కా. నేను సక్కగ చేస్తె బండి పేలకపోతుండె. ఒళ్లు వంగక ఇడిసిపెట్టిన. గంతే."

ఆ మాట అనడానికి ఏలియా ఎంత కష్టపడ్డాడో కట్టమ్మకేం తెలుసు? ఆమె దాన్ని పట్టించుకోనే లేదు. "మాటలెవలన్న చెప్తరు. బండి సప్పుడైతె, ఏది, చూపియ్యి" అంది.

ఏలియా బండి వైపు చూశాడు. పొద్దంతా ఒళ్లు హూనం చేసుకుని కుదిర్చిన బండి. స్క్రూ డ్రైవర్ తీసి, మాత్రలు తీసుకున్నవాళ్లందరికీ కేకేసి చెప్పాడు. "ఇగో, ఇప్పుడు పేల్తది. నేనే పేలుస్తాన. భయపడకుండ్రి." గాలి స్క్రూ రెండు చుట్లు బయటికి తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఎక్సిలేటర్ బాగా తిప్పి ఒక్కసారి వదిలాడు.

ఢాం!

కట్టమ్మ గట్టు మీద కూలబడింది. చెవులు మూసుకుంది. ఏలియా ఇంజన్ ఆపబోయాడు. ఆమె చెయ్యెత్తి వద్దంది.

"ఇంకోపారి."

రెండోసారి పేలింది. కట్టమ్మ లేచి, ఒక్కో అడుగే వేస్తూ దగ్గరికి వచ్చింది. సైలెన్సర్ మూతి ముందు వంగి, లోపల్నుంచి వస్తున్న పొగను చూసింది. "గీ గొట్టంలకెల్లేనా?"

"గీ గొట్టంలకెల్లే అక్కా."

"మల్ల కొట్టు."

మూడోసారి పేలినప్పుడు ఆమె కళ్లు మూసుకోలేదు. మోత గుట్టకు తగిలి తిరిగొచ్చి, చేలల్లో పడి ఆగిపోయేదాకా అలాగే నిలబడింది. తర్వాత సుందర్ రావు ముందు అరచెయ్యి చాచి, మాత్రలు తీసుకుని, కొంగున ముడేసుకుంది.

"గప్పుడు గూడ బండి సప్పుడే అయితె ఎంత మంచిగుంటుండె" అంది, ఎవరితో కాదు.

ఏలియా ఇంజన్ ఆపేశాడు. గాలి స్క్రూ మళ్లీ రెండు చుట్లు లోపలికి తిప్పాడు. కట్టమ్మ గట్టు దాటి పత్తి చేలోకి నడిచిపోయింది.