మావయ్య చెవి, నేను విప్పిన పైపు

ఆ రోజుల్లో మలేషియాలోని మా తెలుక్ ఇంటాన్ కుర్రాళ్లకి కారు ఎంత వేగంగా పోతుందన్నది ముఖ్యం కాదు, ఎంత దూరం వినిపిస్తుందన్నదే ముఖ్యం. ఇంజన్‌లోంచి పొగ తెచ్చే నాలుగు గొట్టాలు ఒకటయ్యే భాగాన్ని హెడర్ అంటారు. దాని వెనకున్న పైపునీ సైలెన్సర్‌నీ విప్పేస్తే ఇంజన్ హాయిగా ఊపిరి పీల్చుకుని రెచ్చిపోతుందని మా నమ్మకం. (ఎవరు చెప్పారని అడక్కండి. పందొమ్మిదేళ్ల వాడికి మరో పందొమ్మిదేళ్ల వాడు చెప్పిందే వేదం.) ఆ నమ్మకంతో నేను చేసిన పనికి మా మావయ్య ముప్పై ఏళ్లు మాట పడ్డాడు. అది సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు, ఊళ్లో పేరున్న మెకానిక్. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని కార్బురేటర్ మరని వెంట్రుకవాసి తిప్పేవాడు. ఆయన దగ్గర వేరే యంత్రమేదీ లేదు. "ఓరల్లుడా, ఇంజన్ మాటాడతాది. మనం నోర్మూసుకుని ఇనాల, అంతే లా!" అనేవాడు, మలయ్ వాళ్లలా మాట చివర 'లా' తగిలించి. (నాకు రెండూ చేతకాలేదు.)

ఆ ఏడు శ్రీరామనవమికి దగ్గర్లోని సుంగై సుమున్ ఊరి మందిరంలో భజన. మా పెద్దమ్మనీ, ఆమె భజన జట్టులోని మరో ముగ్గురినీ, పులిహోర గుండిగనీ, పానకం బిందెనీ మా కార్లో తీసుకెళ్లే బాధ్యత నాది. ముందురోజు సాయంత్రం మావయ్య కారుని శ్రద్ధగా ట్యూన్ చేసి ఇచ్చాడు. తెల్లారగానే నేను అంతే శ్రద్ధగా పైపు విప్పి పెరట్లో దాచాను. మందిరం దగ్గరికి చాలామంది కుర్రకారు వస్తారు మరి.

"ఏటిరా ఈ మోత?" అంది పెద్దమ్మ చెవులు మూసుకుని.

"మావయ్య ట్యూనింగ్, పెద్దమ్మా! పవరంటే అలాగే ఉంటుంది."

అబద్ధం అంత సులువుగా వస్తుందని అప్పుడే తెలిసింది. మా వైపు నేల పీటలా చదును, ఎత్తంటే వంతెనే. ఆ వంతెన సగం ఎక్కేసరికి కారు గర్జించింది, దగ్గింది, టపాకాయల్లా నాలుగు పేల్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా అంతే. నలుగురూ దిగి, చీరలు ఎగదోపి, గుండిగనీ బిందెనీ ఇద్దరేసి పట్టుకుని వంతెన దాటేదాకా నడిచారు.

"రాముడు సముద్రమే దాటినాడు. మా తమ్ముడు బాగుసేసిన కారు కాలవ దాటనేదు!" అంది పెద్దమ్మ, వెనకాల లారీవాళ్లకి కూడా వినపడేలా. నేను స్టీరింగ్ మీదికి వంగి మళ్లీ తాళం తిప్పాను. బరువు దిగాక కారు బుద్ధిగా వంతెన దాటింది.

ఇంటికి రాగానే పైపు బిగించేశాను. సాయంత్రం మావయ్య వచ్చి స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి విన్నాడు. మళ్లీ విన్నాడు. కారు వీణలా పలుకుతోంది. అటు చూస్తే నలుగురు ఆడవాళ్లు ఉరుములూ పిడుగులూ విన్నామని ఒట్టేస్తున్నారు.

"నాకేటీ తేడా ఇనపడ్డం నేదురా," అన్నాడు నెమ్మదిగా. "సెవి పోనాదేమో."

చెప్పాల్సిన క్షణం అదే. నేను కాఫీ తెస్తానని లోపలికి వెళ్లాను. ఆ తర్వాత మావయ్య ఆయిల్ మార్చాడు, టైర్లు బిగించాడు గాని ఏ ఇంజన్‌కీ చెవి ఆనించలేదు.

మొన్న నేనిప్పుడుంటున్న సైబర్‌జయ నుంచి వెళ్లి ఆయన వరండాలో ఒప్పుకున్నాను. డెబ్బై అయిదేళ్ల ఆయనకి ఇప్పుడు నిజంగానే వినికిడి మిషన్ ఉంది.

"ఏటి?"

ఈసారి అరిచి చెప్పాను. ఎదురింటి మలయ్ ఆయన కూడా తల తిప్పి చూశాడు.

మావయ్య చెవిలో మిషన్ సరిచేసుకున్నాడు. "జెట్ మార్చినావా?"

"లేదు మావా."

"ఓరి ఎర్రోడా! పైపు పీకితే గాలి లెక్క మారిపోద్ది. కార్బురేటర్లో పెద్ద బెజ్జమున్న జెట్ ఏసి పెట్రోలు పెంచాల. అయినా పైపు నేని సిన్న ఇంజన్‌కి తక్కువ స్పీడులో లాగుడుండదురా. నలుగురాడోళ్లతో వంతెనెలా ఎక్కుతాదనుకున్నావు?"

లోపలికెళ్లి పాత స్క్రూడ్రైవర్ తెచ్చాడు. నా కారు స్టార్ట్ చేయమని, మిషన్ తీసి జేబులో వేసుకుని, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"బాగుంది," అన్నాడు. కాసేపటికి, "అప్పుడు నా సెవీ బాగానే ఉండీదన్నమాట."

నేను ఇంజన్ ఆపి దిగాను. ఆయన నా భుజం తట్టి, "ఎల్లి మీ పెద్దమ్మకి సెప్పు. అరవక్కర్నేదు, ఆవిడికి బాగా ఇనపడతాది," అన్నాడు.

వెళ్లాను. ఆ వయసులో నేను వస్తున్నానని వీధి మొదట్లోనే ఊరందరికీ తెలియాలని ఎంత తాపత్రయపడేవాణ్ణో! ఈసారి మాత్రం చప్పుడు కాకుండా పెద్దమ్మ గేటు ముందు కారాపి, పది నిమిషాలు అందులోనే కూర్చున్నాను.