కిళ్లీ వేసుకుంటే శృతి కుదిరినట్టు

మాది సన్నాయి ఇల్లు. కోడలిగా అడుగుపెట్టిన నెలకే మా అత్తగారు శృతిపెట్టె నా ముందుకు తోసి, "ఇది ఒత్తడం రాకపోతే మా ఇంట్లో అన్నం అరగదమ్మా" అన్నారు. మామగారు సాధకం చేస్తుంటే పక్కన కూర్చుని శృతి నేనే వెయ్యాలి. చదువు నాకు సంతకం దాకానే గానీ, శృతి తప్పితే మాత్రం పన్ను జివ్వుమంటుంది.

మా ఆయన సన్నాయి వదిలేసి గిటారు పట్టుకున్నారు. "ఊదే ఇంట్లో గీకేవాడు పుట్టేడు" అని మామగారు తిట్టిపోసేవారు. ఈయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తండ్రి సన్నాయిలో విన్న జారులన్నీ తీగను పక్కకు లాగి గిటారులో పలికించేవారు. అమలాపురం ఆర్కెస్ట్రాలో చేరాక, ఆయన తీగ లాగితే పెళ్లివారు విస్తరి ముందు చెయ్యి ఆపేవారు. చివరికి మామగారే వాడపల్లి తీర్థంలో జనం వెనక నిలబడి విని, ఇంటికొచ్చి, "ఉప్పు సరిపోయింది" అన్నారు. అదే మెచ్చుకోలు.

ముప్పై ఏళ్ల పైన వాయించాక ఆయనకు చెవి మందగించింది. మాట వినపడేది, పాట వినపడేది. తీగ వెంట్రుకవాసి దిగితే మాత్రం తెలిసేది కాదు. నాకొక్కదానికే చెప్పారు. ఆర్కెస్ట్రా వాళ్లకు తెలిస్తే ఇంట్లో కూర్చోమంటారని ఆయన భయం. గిటారు లేకుండా కూర్చుంటే ఈ మనిషి ఎన్నాళ్లుంటాడని నా భయం.

"ఇప్పుడందరూ ఫోన్లో ముల్లు చూసి శృతి చేసుకుంటున్నారంటగా?" అన్నాను.

"ముల్లు చూసేది కాటా వేసేవాడే. నువ్వు రా నాతో" అన్నారు.

ఒప్పందం చేసుకున్నాం. నేను పెళ్లివారిలో ముందు వరసలో కూర్చోవాలి. తీగ దిగితే కొంగు భుజం మీదికి లాక్కోవాలి, ఎక్కితే ఒళ్లోకి వదలాలి. అన్నీ కుదిరాక కిళ్లీ వేసుకోవాలి. అప్పుడు ఆయన మొదలుపెడతారు. ఏడాదిపాటు ఎవరికీ తెలియలేదు.

జొన్నాడలో ఓ పగటి పెళ్లి. మూడో తీగ ఇంకా దిగే ఉంది. నేను కొంగు లాక్కుంటూనే ఉన్నాను. పక్కనున్న పెళ్లికూతురి మేనత్త, "ఎంతసేపండీ ఆ చీర సర్దుకోడం, బానే ఉన్నారు. కిళ్లీ వేసుకోండొదినగారూ" అని, వద్దనేలోపే నా నోట్లో కుక్కేసింది. స్టేజీ పైనుంచి మా ఆయన అది చూసి, తృప్తిగా తలూపి, మొదలుపెట్టేశారు.

కీబోర్డు వాయించే కుర్రాడు చెయ్యి ఆపేశాడు. ఆర్కెస్ట్రా మేనేజరు మొహం మాడిపోయింది. మా ఆయన మటుకు కళ్లు మూసుకుని, లోకం మరిచి వాయించేస్తున్నారు. నేను కిళ్లీ ఉమ్మేసి, మెట్లెక్కి, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఏమండీ, మూడో తీగ దిగిందండీ."

మైకు పక్కనే ఉంది. పందిరంతా విన్నది. ఆయన తల దించుకుని, గిటారు సంచి దగ్గరికి లాక్కున్నారు.

"ఇన్నాళ్లూ శృతి చూసింది అక్కగారాండీ?" అన్నాడు మేనేజరు.

"ఆయ్, నేనేనండీ."

"మరి ఆ చెవులు అక్కడెక్కడో పెట్టేరేంటండీ? గురువుగారి జారు ఇంకోళ్లకి వస్తదా? కూర్చోండి" అని తన కుర్చీ లాగి ఆయన పక్కన వేశాడు.

ఆయన పోయేదాకా, ఇంకో నాలుగేళ్లు, ప్రతి పందిట్లోనూ నాకు కుర్చీ వేశారు. తీగ దిగితే చెవిలోనే చెప్పేదాన్ని. తాంబూలం పళ్లెం వస్తే మాత్రం ఆయనే అడ్డుపడేవారు. "ఆవిడకిప్పుడే ఇవ్వకండీ. వాయించడం అవ్వనీండి."