ఇంటికి అడ్డొచ్చిన తుమ్ములు

ఖమ్మంలో మొదటి ఇల్లు కొనే నాటికి నేను శకునాలంటే నవ్వే మనిషిని. అమ్మే పెద్దమనిషి మిర్చి రైతు. మార్కెట్లో రేటు పెరిగేదాకా తన బస్తాలు ఆ ఇంటి నడిగదిలోనే ఉండాలన్నది ఆయన మొదటి షరతు. సరేనన్నాను.

రిజిస్ట్రేషన్‌కు ఆయన్ను తీసుకెళ్దామని పోయిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు తుమ్మేవారు. ఆయన గడప దగ్గరే ఆగిపోయి, వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, "ఇయ్యాల వద్దు సారూ, తుమ్మిండ్రు" అనేవాడు. ఇంటినిండా ఎండుమిర్చి పెట్టుకుని తుమ్ముకు భయపడతాడేమిటి ఈ మహానుభావుడు!

అలా నాలుగుసార్లు తిరిగొచ్చాను. అయిదోసారి ఆయన భార్య తుమ్మింది. నాకు ఒళ్లు మండింది. ఒక్క తుమ్ము కీడైనా జంట తుమ్ములు మంచివేనని మా అమ్మ అనేది. వెంటనే ఒక బస్తాలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చి, ఇల్లదిరిపోయేలా తుమ్మాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అవ్, రెండైనయి! ఇగ జల్దీ నడువుండ్రి" అన్నాడు.

రిక్షా ఎక్కి కూర్చున్నాక మెల్లగా, "గా ఇంటి ముందటి టేకు తలుపు మా నాయిన చేయించిండు సారూ, అది మాత్రం నేను తీస్కపోత" అన్నాడు.

కుదరదని చెప్పడానికి నోరు తెరిచాను. మూడో తుమ్ము ముక్కు దాకా వచ్చేసింది. అది గనక బయటపడితే ఈయన రిక్షా దిగిపోతాడు. రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుని, సరేనని తలూపాను.

శకునాలంటే నవ్వే నేను తలుపు లేని ఇంట్లో గృహప్రవేశం చేశాను.