పసుపు కార్డు కింద నా సంతకం

సిద్దిపేటలో ఫుట్‌బాల్ ఆడించేవాళ్ళ మధ్య ఒక మాట తిరుగుతూ ఉంటుంది. బెజ్జంకి వైపు నుంచి వచ్చిన ఒకామె, యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కోచింగ్, మేనేజ్‌మెంట్ కోర్సు చదివే రోజుల్లో, ఫైనల్ గెలవాలన్న ఆశతో, ఆడకూడని ఆటగాణ్ణి తెలిసి తెలిసీ ఆడించిందని. ఆ మాట పుట్టింది నా నోట. అది అబద్ధం. ఇన్నేళ్ళూ దాన్ని అలాగే తిరగనిచ్చాను. జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

ఆ కోర్సులో చేరేటప్పటికి నాకు నలభై ఒకటి. మాది సిద్దిపేటలో బట్టల దుకాణం. కాలేజీ రోజుల్లో బాగానే ఆడేవాణ్ణి, తర్వాత దుకాణంలో కూర్చున్నాను. తమ్ముడు వ్యాపారం చూసుకోగలడని తేలాక, వారానికి మూడు రోజులు పొద్దున్నే బస్సెక్కి, ములుగు మీదుగా యూనివర్సిటీకి వెళ్ళడం మొదలుపెట్టాను. దుకాణానికి వచ్చే దోస్తులకు అదొక వేడుక.

"ఏందే, ఈ వయసుల బంతి వెంబడి ఉరుకుతవా?" అనేవాడొకడు.

"ఉరుకుడు కాదట, ఉరికిచ్చుడట. దానికి సర్టిఫికెట్ గూడ ఇస్తరట," అనేవాడు మా తమ్ముడు.

నేనూ నవ్వేవాణ్ణి. కానీ పాసై ఆ కాగితం ఫ్రేము కట్టించి గల్లా వెనక వేలాడదీస్తానని అందరి ముందూ అనేశాను.

క్లాసులో అందరికన్నా పెద్దవాణ్ణి నేనే. అందరూ అన్నా అనే పిలిచేవారు. ఆమె కూడా. ఆమెకు ఇరవై మూడేళ్ళు. రైతుల బిడ్డ. యూనివర్సిటీ జట్టుకు ఆడింది. సిద్దిపేట దాకా ఒక బస్సు, అక్కడి నుంచి మా బస్సు. కిటికీ పక్కన కూర్చుని నోటుబుక్కులో ఆటగాళ్ళ జాగలు చుక్కలు చుక్కలుగా గీసుకునేది. ఒక ఆడపిల్లల హాస్టల్ బడి వాళ్ళు, ఆ ఎండాకాలం మార్కుల మెమో తెస్తే కోచ్ ఉద్యోగం నీదేనని ఆమెకు చెప్పి ఉంచారు. ఇంట్లో గడువు కూడా అంతవరకే.

"మా బాపు ఒక్కటే చెప్పిండన్నా," అంది ఒకరోజు బస్సులో. "యాడాది చూస్త బిడ్డా, నౌకరి వస్తె నీ ఇష్టం, రాకుంటె నా మాట వినాలె అన్నడు."

"వస్తది తియ్యి చెల్లె. నీకు గాక ఎవరికొస్తది?" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

మా ప్రొఫెసరు తరచూ అనేవాడు, కోచ్ ఆటను చూస్తాడు, మేనేజరు ఆట ఒక్కటి తప్ప అన్నీ చూస్తాడని. చివరి ప్రాక్టికల్ కూడా అలాగే పెట్టారు. ఇద్దరిద్దరిని జతచేసి, ఒక్కో జతకు ఒక కాలేజీ జట్టును అప్పగించారు. సిద్దిపేటలో వారం రోజుల టోర్నమెంటు. నన్నూ ఆమెనూ ఒక జతగా వేశారు. ఆమె కోచ్, నేను మేనేజర్.

"లిస్టులు, కాయితాలు నువ్వైతే మంచిగ చూస్తవన్నా. దుకాణం నడిపినోనివి," అంది.

నియమం చిన్నదే. టోర్నమెంటులో ఒక ఆటగాడికి రెండు పసుపు కార్డులు పడితే, ఆ తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. కార్డు పడిన ప్రతిసారీ మేనేజరు ఫీల్డ్ బుక్కులో రాయాలి. మ్యాచ్ అయ్యాక రిఫరీ తన కాగితం ఇస్తాడు. దాన్ని చదివి, మన పుస్తకంతో పోల్చి, సంతకం పెట్టాలి. మేనేజ్‌మెంట్ పేపర్లో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

మొదటి మ్యాచ్‌కు ముఖ్య అతిథిని నేనే పిలిచాను. మా బంధువు, రాజకీయాల్లో ఉన్న పెద్దమనిషి. కొమురవెల్లి వెళ్ళి వస్తూ ఆలస్యమై, రెండో సగం నడుస్తుండగా కారు దిగాడు. మా దగ్గర పెద్దమనిషి వచ్చాడంటే శాలువా కప్పాల్సిందే. విజిల్ వేసేదాకా ఆగమనడం ఆయన్ను చిన్నబుచ్చినట్టు. శాలువా మా దుకాణంలోదే, మంచిది చూసి తెచ్చాను. ఫీల్డ్ బుక్కును బెంచీ మీద నీళ్ళ సీసా కింద పెట్టి స్టేజీ దగ్గరకు పరుగెత్తాను. శాలువా కప్పి, ఫోటోకు నిలబడి నవ్వుతుండగా వెనక గ్రౌండులో అరుపులు. తిరిగి చూసేసరికి నలుగురైదుగురు పెనుగులాడి విడిపోతున్నారు, రిఫరీ కార్డు జేబులో పెట్టుకుంటున్నాడు.

నేను బెంచీ దగ్గరకు వచ్చేసరికి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, కాలు మడతపడ్డ ఒకతనికి ఐసు పెడుతోంది.

"కార్డు ఎవరికి పడ్డదన్నా? నేను చూడలే."

"నేను చూసుకుంట, నువ్వు కాలు సంగతి చూడు."

మ్యాచ్ అయ్యాక అతిథిని సాగనంపుతున్నాను. రిఫరీ కాగితం తెచ్చాడు. కారు తలుపు తీసి ఉంది, పెద్దమనిషి ఏదో చెబుతున్నాడు. ఆయన వైపు తలూపుతూ కాగితాన్ని కారు బానెట్ మీద పెట్టి సంతకం చేసి ఇచ్చేశాను. చదవలేదు. కార్డు అవతలి వాళ్ళకే పడి ఉంటుందనుకున్నాను. పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలాను.

సెమీఫైనల్లో మా ఎడమ వైపు డిఫెండర్‌కు పసుపు కార్డు పడింది. అది ఆమె చూసింది, నేనూ రాశాను. ఫైనల్ రోజు పొద్దున లిస్టు రాస్తూ అడిగింది.

"అన్నా, డిఫెండర్‌కు మొన్నటిదొక్కటేగద?"

"ఒక్కటే."

"మొదటి మ్యాచ్‌ది రిఫరీ కాయితం చూసినవా?"

నాకు కోపం వచ్చింది. చూడలేదు కాబట్టే వచ్చింది.

"చూసిన అంటున్నగద. సంతకం పెట్టింది నేనే. కార్డులు నాకు ఇడిసిపెట్టి నువ్వు ఆట చూసుకో."

"సరే అన్నా," అని ఆమె అతని పేరు రాసింది. అప్పుడైనా వెళ్ళి చూడవచ్చు. రిఫరీల గది అక్కడికి నలభై అడుగులు కూడా ఉండదు. అడగడానికి వెళ్తే, చదవకుండా సంతకం పెట్టానని రిఫరీకి తెలిసిపోతుంది. ఆ ఒక్క కారణంతో వెళ్ళలేదు.

ఒక్క గోలుతో గెలిచాం. పిల్లలు ఇంకా గంతులు వేస్తుండగానే అవతలి జట్టు మేనేజరు మొదటి మ్యాచ్ రిఫరీ కాగితం నకలు పట్టుకుని వచ్చాడు. మొదటి మ్యాచ్‌లో కార్డు పడింది మా డిఫెండర్‌కే. అతనికి తెలుసు కదా, ఎందుకు చెప్పలేదని అడిగితే, "పెద్దోళ్ళే లిస్టుల పేరు రాసిన్రు, మాఫ్ అయిందనుకున్న," అన్నాడు.

గంటలో మమ్మల్ని వ్యాయామ విద్య గదిలోకి పిలిచారు. మా విభాగం పెద్దాయన బల్ల వెనక, రిఫరీ పక్కన, బల్ల మీద ఆ కాగితం. కార్డుల వరుస, దాని కింద నా సంతకం. కారు బానెట్ మీద పెట్టడం వల్ల చివరి అక్షరం కిందికి జారింది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే సార్."

"అంటే నీకు తెల్సు. తెల్సి ఎట్ల ఆడించిన్రు?"

చదవకుండా పెట్టాను సార్ అంటే అయిపోయేది. నా ప్రాక్టికల్ పోయేది, ఆమెది నిలిచేది. ఆ రెండూ ఆ క్షణంలో నాకు స్పష్టంగా తెలుసు. కంగారులో నోరు జారిందని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను గాని, అది నిజం కాదు. నాకు గల్లా వెనక గోడ, నవ్వే దోస్తులు గుర్తొచ్చారు. ఆలోచించే అన్నాను.

"నేను కోచ్‌కు చెప్పిన సార్. తనే ఆడిస్తనన్నది."

ఆమె నా వైపు తిరిగి "అన్నా" అంది. అంతే. తర్వాత పెద్దాయన వైపు తిరిగి అంది, "చెప్పలే సార్. పొద్దున నేనే అడిగిన. రెండుసార్లు అడిగిన."

"అడిగినట్టు ఫీల్డ్ బుక్కుల ఉందా?"

"లేదు సార్." ఆయన పుస్తకం తెరవలేదు, తెరిస్తే నేను వదిలిన ఖాళీ గడి కనబడేది.

"ఆయన ఇజ్జత్ ఉన్న మనిషి. ఈ వయసుల వచ్చి చదువుకుంటుండు. ఆయనకు అబద్ధం చెప్పే అవసరమేముంది?"

ఆ ప్రశ్న ఆయన ఆమెను అడిగాడు. జవాబు నా దగ్గర ఉంది. ఆమె నా ముఖం చూస్తూ నిలబడింది, నేను కాగితం మీద జారిన అక్షరాన్ని చూస్తూ నిలబడ్డాను. నేను ఒక్క మాట అంటానని ఆమె ఆగిందని నాకు తెలుసు. తర్వాత తల దించుకుంది.

ఆమె ప్రాక్టికల్ రద్దయింది, మరుసటి ఏడాది మళ్ళీ చేయమన్నారు. హాస్టల్ బడి ఉద్యోగం ఇంకొకరికి పోయింది. రికార్డులో 'నియమం తెలిసీ ఉల్లంఘించిన కోచ్' అని రాశారు. నేను పాసయ్యాను. కాగితం ఫ్రేములో పెట్టాను. తమ్ముడు దుకాణంలో స్వీట్లు పంచాడు.

అబద్ధం అక్కడితో ఆగలేదు, నేనే పెంచాను. ఆమె ఏమైందని దుకాణంలో ఎవరో అడిగితే, తొందరపడింది పాపం అన్నాను. తర్వాత నేను టోర్నమెంట్లు నిర్వహించడం మొదలుపెట్టి, కొత్త మేనేజర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు, ఒక కోచ్ అత్యాశకు పోయిన కథగా దాన్ని పాఠంలా చెప్పాను. పేరు చెప్పలేదు. ఊరు చెప్పాను.

ఈ ఏడాది ఆడపిల్లల టోర్నమెంట్లో లిస్టులు తీసుకునే బల్ల దగ్గర నేనున్నాను. ఆమె జట్టును తీసుకుని వచ్చింది. ఇప్పుడు ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆటల టీచరు. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. నా పక్కన కూర్చున్న నిర్వాహకుడు ఆమెకు వినబడేలాగే అన్నాడు, "అన్నా, ఈ మేడం లిస్టు రెండుసార్లు చూడు. పాత అలవాటున్నదట."

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. ఇలాంటివి ఇదివరకు చాలా విన్నట్టుంది. లిస్టు బల్ల మీద పెట్టి, ఎవరూ అడగకుండానే తన పుస్తకం తెరిచి నా వైపు తిప్పింది. ప్రతి కార్డు పక్కనా ఒక గడి ఎక్కువ ఉంది. పైన 'రిఫరీని నేనే అడిగినది' అని రాసి ఉంది. కింద ప్రతిదానికీ రిఫరీ సంతకం.

ఇప్పుడు కూడా ఊరుకుంటే ఇక ఎప్పటికీ అననని తెలిసింది.

"ఆ అలవాటు ఈమెది కాదు, నాది," అన్నాను. "ఆనాడు కాయితం చదవకుండ సంతకం పెట్టింది నేను. ఈమెకు చెప్పిననని అబద్ధమాడి, తప్పు ఈమె మీద ఏసింది నేను. ఈమె రెండుసార్లు అడిగింది."

నిర్వాహకుడు నవ్వబోయి ఆగాడు. "పోనియ్యన్నా, పాత ముచ్చట. గిప్పుడెందుకు?"

"పాతది మీకు," అంది ఆమె అతనితో. తర్వాత నాతో, గొంతు పెంచకుండా, "గీడ నోటితోని చెప్తె ఏమైతది సార్? ఆనాడు కాయితం మీద రాసిన్రు. కాయితం మీదనే కొట్టెయ్యాలె."

అన్నా అనలేదు. నేను క్షమించమని అడగబోయాను. ఆమె గడియారం చూసి, పిల్లలు వేచి ఉన్నారంటూ వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే యూనివర్సిటీకి అంతా రాసి, సంతకం చేసి పంపాను. ఇంకా జవాబు లేదు. నా సర్టిఫికెట్ కూడా దానితోపాటే పంపాను. గల్లా వెనక గోడ మీద ఫ్రేము ఉన్నచోట తెల్లటి మచ్చ మిగిలింది. ఏమైందని అడిగినవాళ్ళకు నిజమే చెబుతున్నాను. సిద్దిపేటలో ఆ మాట విన్న ప్రతి ఒక్కరి దగ్గరకూ వెళ్ళలేను కాబట్టి ఇది రాస్తున్నాను.

లిస్టుల బల్ల దగ్గర నేను ఒప్పుకున్న ఆ రోజు ఆమె జట్టు ఓడిపోయింది. మ్యాచ్ అయ్యాక రిఫరీ కాగితం ముందు ఆమె చేతికి వచ్చింది. నిలబడే, వేలు పెట్టి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివి సంతకం చేసింది. దాని కింద నిర్వాహకుల తరఫున నేను చేయాలి. కాగితం నా ముందుకు జరిపి, పెన్ను మాత్రం ఇంకా తన చేతిలోనే ఉంచుకుంది.

"చదువుండ్రి సార్," అంది.

చదివాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పేరు పేరునా చదివాను. అప్పుడు పెన్ను ఇచ్చింది.