ఇప్పచెట్ల కింద పసుపు రంగు

ఫాల్గుణంలో గజపతినగరం స్టేషన్లో దిగాం. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం. మాది సైన్యంలో ఫిరంగుల దళం. కాల్పుల అభ్యాసం కోసం ఊరికి దూరంగా, కొండల ఎదుట గుడారాలు వేశాం. పగలు ఎండ, తెల్లవారుజామున మంచు. మా ఊరి వైపు గాలే కాబట్టి నాకు హుషారుగా ఉండేది.

నా పని బొమ్మలు గీయడం. గుట్ట మీద కెప్టెన్ పక్కన కూర్చుని, ఎదురుగా కనిపించే నేలంతా పెన్సిల్‌తో గీయాలి. అది చూసి ఆయన ఫిరంగులకు గురి చెబుతాడు. నేను కోటబొమ్మాళి దగ్గర పుట్టినవాణ్ణి. వసంతంలో ఆ కొండల్ని పెన్సిల్ గీతలతో వదిలేయడానికి మనసొప్పలేదు. విజయనగరంలో రంగులపెట్టె కొన్నాను. మోదుగపూలకు ఎరుపు, మామిడి చిగుళ్లకు రాగి రంగు.

"ఫిరంగికి రంగులెందుకోయ్?" అని కెప్టెన్ హిందీలో అడిగి నవ్వాడు. వద్దనలేదు.

కొండవాలులో ఇప్పచెట్లు. రాలిన పూలు ఏరుకోవడానికి వీలుగా పల్లెవాళ్లు కింద ఆకులు కాల్చి నేల నల్లగా ఉంచారు. రాత్రి రాలిన పూలతో, తెల్లారేసరికి ఆ నలుపు మీద లేత పసుపు పరుచుకునేది.

కాల్పుల రోజు వచ్చింది. కొండవైపు ఎవరూ రావద్దని ముందురోజే దండోరా వేయించారు. హెచ్చరికగా ఎర్రజెండాలు ఎగరేశారు. ఏడింటికి మొదటి గుండు. ఆరున్నరకు నేను చెట్ల కింద పసుపు వేశాను. మిగతా రంగులూ పూర్తిచేసి, బ్రష్ కడిగి తలెత్తాను. ఇందాక పసుపుగా ఉన్న చివరి రెండు చెట్ల కింద నేల ఇప్పుడు నల్లగా ఉంది.

బైనాక్యులర్స్‌లో పొదలు తప్ప ఏమీ కనబడలేదు. అయినా నాకు సందేహం లేదు.

"సార్, అక్కడ మనుషులున్నారు. పూలు ఏరుతున్నారు."

కెప్టెన్ బొమ్మ చూశాడు. కొండ చూశాడు. వైర్‌లెస్ అందుకున్నాడు.

"ఫైర్ ఆపండి. నేను చెప్పేదాకా ఒక్క గుండు పేలకూడదు."

ఇద్దరం జీపులో వెళ్లాం. పొదల వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు, బుట్టలతో. కొండ అవతలి పల్లెవాళ్లు. దండోరా అటు చేరలేదు. సంగతి చెబితే, పెద్దామె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏటి బాబూ, పువ్వు రాలినప్పుడే కదా ఏరుకోవాల! మీ గుండ్లు ఇంకోసోట కాల్సుకుంటే ఏటైపోతాది?" అంది. మళ్లీ నన్నే చూసి, "నీ మాట మా మాటనాగే ఉన్నాది. ఏ ఊరు?"

"కోటబొమ్మాళి కాడమ్మా."

"అయితే మనోడివే. నువ్వే సెప్పు ఆ దొరకి."

చెప్పాను. కెప్టెన్ సాయంత్రంలోగా అనుమతి తెప్పించి, గురిని అవతలి బోడికొండకు మార్చాడు.

నెలాఖరుకు దళం రైలెక్కింది. సర్వీసు ముగించి ఊరు చేరాక, ఏటా వసంతంలో ఆ కొండల బొమ్మలు వేస్తూనే ఉన్నాను. బాగానే వేస్తాను. కళ్లలో నిలిచిపోయింది మాత్రం వేరే.

ఆ ఉదయం తిరిగొస్తుంటే, చివరి చెట్టు కొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టి ఉంది. మా మొదటి గురి ఆ చెట్టే. లోపల పసిబిడ్డ నిద్రపోతోంది. టప్పున ఒక ఇప్పపువ్వు చీర మీద రాలింది. బిడ్డ కాస్త కదిలి, మళ్లీ నిద్రలోకి జారుకుంది.