పెద్దాయన ఆగిన చోట

కరోనా సద్దుమణిగిన ఏడాది, వేసవి ముదరకముందు కాకినాడలో జరిగిన సభ అది. నేను రాజమండ్రిలో హిందీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. కానీ జనానికి నేను తెలిసింది క్లాసురూములో కాదు, వేదిక మీద రెండో మైకు దగ్గర. ఉత్తరాది నుంచి నాయకులు వస్తే వాళ్ల హిందీని తెలుగు చేసేది నేనే. మా పనిని కన్సెక్యుటివ్ అంటారు. వచ్చిన నాయకుడు ఒక వాక్యం చెప్పి ఆగాలి, నేను దాన్ని తెలుగులో చెప్పాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు. ఎంత చప్పటి ఉపన్యాసమైనా సరే, ఉప్పు వేసే హక్కు మనకు లేదు.

ఆ రోజు వచ్చిన పెద్దాయనకు ఎనభై దాటాయి. గోదావరి జిల్లాలకు ఎప్పుడొచ్చినా ఆయన పక్కన నేనే. బడిపంతులుగా మొదలై, ఎమర్జెన్సీలో జైలుకెళ్లి, రెండుసార్లు కేంద్రమంత్రి అయిన మనిషి. పాత పద్ధతులంటే ప్రాణం. ఉమ్మడి కుటుంబం, పొద్దుటి పూజ, పెద్దల మాట. వీటిని దాటి ఒక్కడుగు వేయలేదు, వేసేవాళ్లని మెచ్చనూ లేదు. ఆయన మాటల్లో సగం నాకు గిట్టేవి కావు. గిట్టకపోయినా చెప్పడమే కదా మన ఉద్యోగం! అయితే చెప్పినట్టే బతికారు, అందుకు మాత్రం దండం పెట్టాలి.

ఏ సభలోనైనా ఆయన తన కథతోనే మొదలుపెట్టేవారు. తండ్రి కర్మ అయిన మర్నాడే గుండుతో బడికెళ్లిన పిల్లాడి కథ. నాకది కంఠతా వచ్చు. ఆ మధ్యాహ్నం కూడా పిల్లాడు బడి గుమ్మం దాకా వచ్చాడు. ఆయన ఆగారు. నేను తెలుగు చేశాను. తర్వాత ఆయన నోరు విప్పలేదు.

"ఏంటి మాస్టారూ, మైకు పోయిందాండి?" అని ముందు వరసలోంచి ఎవరో అరిచారు.

మైకు బాగానే ఉంది. ఆయన ఊపిరి మైదానమంతా వినిపిస్తోంది. వేదిక పక్కన నిలబడ్డ ఆయన కూతురు రెండు చేతులూ జోడించి, కానివ్వండని నాకు సైగ చేసింది. అప్పుడు అర్థమైంది, పెద్దాయన జ్ఞాపకం చెదిరిపోయిందని. ఇన్ని కెమెరాల ముందు అది బయటపడితే ఒక జీవితకాలపు పరువు నిమిషంలో నవ్వులపాలవుతుంది.

తెలిసిన కథే కదా అని నేనే అందుకున్నాను. ఆయన హిందీలో చెప్పని వాక్యాన్ని తెలుగులో చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. ఇంకొకటి చెప్పాను. పెద్దాయన నావైపు తిరిగి, రెప్ప వేయకుండా వింటున్నారు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. పంతులు ఆ పిల్లాణ్ణి లోపలికి పిలిచిన దగ్గర గుక్క తిప్పుకోవడానికి ఆగాను. అప్పుడాయన మైకులో, హిందీలో, మెల్లగా అడిగారు.

"తర్వాత? ఆ పిల్లాడు ఏమయ్యాడు?"

తన కథనే ఎవరిదో పరాయివాడిదన్నట్టు అడుగుతున్నారు. అది ఉపన్యాసంలో వాక్యమే అనుకుని సభంతా నా నోటివైపు చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పడం నా ధర్మం. చెప్పలేకపోయాను. నోటికొచ్చింది అనేశాను: "తాతలు వేసిన గట్టు తెగకుండా మనవల చేతికి అప్పజెప్పడమే నా బతుకు." మాది పొలాల ఊరు, నాకు గట్టు తప్ప ఇంకేం తోస్తుంది! మైదానం హోరెత్తింది. పెద్దాయన నమస్కారం పెట్టి కూర్చున్నారు.

సభ అయ్యాక గెస్ట్‌హౌస్‌లో ఆ కూతురి దగ్గర తప్పు ఒప్పుకున్నాను. "అమ్మా, ఆఖరి మాట మీ నాన్నగారిది కాదు, నేను కల్పించింది. క్షమించండి" అని, ఆ వాక్యాన్ని హిందీలో చెప్పాను. ఆవిడ గబగబా వెళ్లి గది తలుపు వేసింది.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

"ఏడాదిగా ఇంట్లో ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటే. పూజ మర్చిపోయారు, నా పేరు మర్చిపోయారు. వేదికెక్కితే ఆ చిన్నప్పటి కథ మాత్రం దానంతటదే వస్తుందని ధైర్యం చేసి తీసుకొచ్చాం. కిటికీ దగ్గర నిలబడి అదే అంటూంటారు. బయటివాళ్ల చెవిన పడకూడదని తలుపులు వేసే ఉంచుతాం."

దండం పెట్టి బయటికొచ్చేశాను. మళ్లీ రెండో మైకు పట్టుకోలేదు. ఒక మనిషి పక్కన ఏళ్ల తరబడి నిలబడితే, ఆయన చెప్పిన మాటలే కాదు, చెప్పనివీ మనలో చేరతాయని ఈ పని నాకు నేర్పింది. పెద్దాయన పోయి రెండేళ్లయింది. ఆయన అభిప్రాయాలు నాకు గిట్టవని ఇప్పటికీ అంటాను.

మొన్న పొద్దున మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటండీ, కిటికీ దగ్గర నిలబడి హిందీలో ఆ గట్టు మాటే అంటున్నారు, రోజూనూ?" అంది.

నేను అన్నట్టు నాకు గుర్తులేదు.