కుడివైపు సంచి

కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్ దేన్నీ టేపుతో కొలవడు. జానతో కొలుస్తాడు, చాలకపోతే బెత్తెడు కలుపుతాడు. సైకిల్ క్యారియర్‌కి సంచి కోసం అతను ఆ దుకాణానికి రావడం ఇది మూడోసారి. ప్రతి సంచినీ తగిలించి, స్టాండు వేసిన సైకిలెక్కి, ఉత్తినే పెడళ్లు తొక్కి, మడమ తగులుతుందేమోనని వంగి చూసుకుంటాడు.

"పిల్లకి సంబంధం చూసినట్టు ఎన్నిసార్లు చూస్తారు బాబాయ్! ఆ పెద్దది పైన కట్టుకుంటే మీ సామానంతా పట్టేస్తుంది," అన్నాడు దుకాణదారు.

"పైన ఖాళీ ఉండాలయ్యా. కుడిపక్కన వేలాడేది ఒక్కటే ఇవ్వు."

"ఒకపక్కే అయితే బండి లాగేస్తుంది. జత తీసుకోండి."

"ఎడమపక్క మీ పిన్ని కాళ్లు పెట్టుకుంటుంది," అన్నాడు మెకానిక్, సంచి లోతు జానతో కొలుస్తూ.

మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ గుమ్మం దాటలేదు. సైకిల్ మాటెత్తితే "ఈ జన్మకి చాలు" అంటోంది. ఆ సంగతి దుకాణదారుకీ తెలుసు. సంచిని కుడివైపే బిగించాడు.

స్క్రూడ్రైవర్లూ, నూనె డబ్బా, సూదుల పెట్టె అందులో సర్దుకుని మెకానిక్ బయల్దేరాడు. సైకిల్ కుడికి లాగుతుంటే తనే కాస్త ఎడమకి ఒరిగాడు. వీధి మలుపులో గుంత వచ్చినప్పుడు, వెనక మనిషి ఉన్నట్టే, మెల్లగా పోనిచ్చాడు.